పూజలో ఉన్న హ్యాండిలు

ఈ ఉదయం పక్కింటాయన కారు మొరాయించింది. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. ఎవరి దగ్గరో పాతది చవగ్గా వస్తోందని కొన్నాడు, కొన్ననాటి నుంచి ఆదివారాలన్నీ దాని కిందే పడుకుంటున్నాడు. తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు, ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. వీధిలో పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి తలా ఒక సలహా పారేసి పోతున్నారు. నేను అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చాలాసేపు నోరు కట్టుకుని కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక, "బ్యాటరీ తలకాయలు రెండూ పట్టుకుని చూడప్పా, ఏదైనా వెచ్చగా ఉండాదేమో" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. చిక్కుడుకాయ మాట్లాడినా అంత ఆశ్చర్యపోయేవాడు కాడేమో. పట్టుకున్నాడు. ఒకటి కాలుతోందట. విప్పి, తెల్లగా పూసిన చిలుమంతా గీకి, బిగించి, తాళం తిప్పితే ఇంజను లేచి కూర్చుంది. "యాడ నేర్చుకున్నారమ్మా ఇదంతా?" అని అడిగాడు. "మా అక్క దగ్గర" అన్నాను. అది సగమే నిజం. అక్క చెప్పింది, నేను వినలేదు. ఆ వినకపోవడంతో వచ్చిందే ఈ జ్ఞానం.

మా నాయన గుడియాత్తంలో లుంగీల వ్యాపారి. మగ్గాలవాళ్ళ దగ్గర లుంగీలు తీసుకుని మద్రాసుకు పంపేవాడు. మా ఊరి మొత్తానికి రెండో మూడో కార్లున్న ఆ రోజుల్లో, వేలూరులో ఒక దొర ఉద్యోగం చాలించి సీమకు పోతూ తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసి, నాయన ఎవరికీ చెప్పకుండా పోయి కొనుక్కొచ్చాడు. ఎత్తైన చక్రాలు, మడత టాపు, నల్ల రంగు. దాన్ని లేపడానికి రెండు మార్గాలుండేవి. కాలి దగ్గర ఒక బొత్తాం ఉండేది, అది తొక్కితే బ్యాటరీ బలంతో ఇంజను తిరగాలి. లేదా ముందువైపు బొక్కలో వంకర హ్యాండిలు దూర్చి మనిషి తిప్పాలి. హ్యాండిలుకు బ్యాటరీతో పని లేదు. ఇంజనులోనే మాగ్నెటో అని ఒకటుండి నిప్పురవ్వ పుట్టించేది. నాయనకు బొత్తాం అంటే గొప్ప. హ్యాండిలు తిప్పడం బావిలో నీళ్ళు తోడే పనిలా ఉంటుందని ఆయన బాధ. కారు కొన్నాక మా యజమానికి నడక ఎక్కువైందని మగ్గాలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఆయన నడిచి వచ్చేవాడు, కారు వెనకాల ఎద్దులతో వచ్చేది.

ఆ కారు గుణమంతా తెలిసింది ఇంట్లో ఒక్క అక్కకే. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పదకొండేళ్ళకు పెళ్ళయింది, పదమూడేళ్ళకు బొట్టు తీసేశారు. ఆ పెళ్ళికొడుకు మొహం తనకు గుర్తు లేదని, పెళ్ళిలో పెట్టిన మైసూరుపాకు గుర్తుందని చెప్పేది. శుభకార్యాలకు ముందుకు రాకూడదు, పువ్వు పెట్టకూడదు, కుంకుమ భరిణె ముట్టకూడదు. కారు ముట్టకూడదని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు గనుక, నాయన షెడ్డులో కూర్చుని నట్లు విప్పుతుంటే అక్క పక్కన కూర్చుని అందించేది. కొన్నాళ్ళకు అక్క విప్పుతుంటే నాయన అందించేవాడు. ఇంజను చప్పుడు విని, ఈ పూట దీనికి కడుపునొప్పి అనో, జలుబు అనో చెప్పేది. నాయన ఆ మాటలకు మురిసిపోయేవాడు. కొడుకు లేడన్న దిగులు ఆయన మొహంలో కనిపించని చోటు ఆ షెడ్డు ఒక్కటే.

ఆయుధపూజ నాడు కారుకు పసుపు, గంధం, కుంకుమ పెట్టే పని నాది. అక్క గుమ్మం అవతల నిలబడి వేలు చూపిస్తూ చెప్పేది: దీపాలకు పెట్టు, చక్రానికి పెట్టు, ఆ బ్యాటరీ పెట్టె మీదున్న రెండు సీసపు మొలకలకు మాత్రం పెట్టొద్దు, కరెంటు దారికి అడ్డు పడతాది అని. కారు తెలిసిన చేతికి కుంకుమ లేదు. కుంకుమ ఉన్న చేతికి కారు తెలియదు. పెద్దవాళ్ళు ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు అది.

అమ్మకు ఒకసారి కడుపులో గడ్డ లేచి వేలూరు ఆసుపత్రిలో నెలరోజులు ఉండాల్సి వచ్చింది. తోడు పోయిన అక్క ఆ నెలలో నర్సుల పని చూసి, తానూ నేర్చుకుంటానంది. నాయన ఎగిరిపడ్డాడు. ఊరందరి పుండ్లు కడగడానికా నిన్ను పెంచింది అన్నాడు. అక్క అరవలేదు, ఏడవలేదు. ఒక శుక్రవారం రెండు తెల్లచీరలు మూటకట్టుకుని జట్కా ఎక్కి వేలూరు పోయింది. "ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దండి" అన్నాడు నాయన. మూడేళ్ళు ఎవరూ ఎత్తలేదు. నాయన షెడ్డుకు పోవడం తగ్గించి, వేలూరు వైపు నుంచే ఒక డ్రైవరును పెట్టుకున్నాడు. అతను మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కిరస్తానీ మనిషి, మహా మర్యాదస్తుడు. నేను అతన్ని డ్రైవరన్నా అనేదాన్ని.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా, దసరాకు ముందు అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. మా ఇంట్లో అందరిదీ తెలుగు మాటే గాని, అక్షరాలు నేర్చింది అరవబడిలో. అందుకని అరవ అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. రంగూన్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందట. సరస్వతి పూజ నాడు పదకొండున్నర మెయిలుకు కాట్పాడిలో ఎక్కి, మద్రాసులో ఓడ పట్టుకుంటుందట. "నాయన్ను ఒకసారి చూసి పోవాలని ఉండాది. రాకపోతే ఏమీ అనుకోను" అని రాసింది. అమ్మ ఆ కార్డు తీసుకుపోయి నాయన కూర్చునే మెత్త మీద పెట్టింది. నాయన చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా మార్చినప్పుడల్లా కార్డు మాత్రం జేబు మారుతోందని అమ్మ నాతో గుసగుసగా చెప్పింది.

మా వైపు సరస్వతి పూజా ఆయుధపూజా ఒకే రోజు. ఆ రోజు వచ్చింది. మా ఊరి స్టేషన్లో మెయిలు ఆగదు, ప్యాసింజరు తెల్లవారుతూనే పోతుంది. అప్పటికి నాయన నోరు విప్పలేదు. కాట్పాడికి ఇక కారే దిక్కు. తక్కెడ, గజంబద్ద, కత్తెర, కారు స్పానర్లు, వంకర హ్యాండిలు అన్నీ కడిగి అమ్మవారి ముందు వరసగా పెట్టారు. ఒకసారి అక్కడ పెడితే మరునాడు పునఃపూజ అయ్యేదాకా ఏ పనిముట్టూ కదపకూడదు. మా ఊళ్ళో మగ్గం కూడా ఆ రోజు పలకదు. నాయన మిగతా పట్టింపులు ఎన్ని వదిలినా ఇదొక్కటి వదిలేవాడు కాదు. అంతకుముందే డ్రైవరన్న బ్యాటరీ మీది పట్టీలు రెండూ విప్పి, చిలుము గీకి, మొలకలు తళతళలాడేట్టు తుడిచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. నేను గంధం గిన్నెతో దిగాను. నాయన ఎలాగైనా బయల్దేరతాడని నాకు నమ్మకం. ఈ కారు మా అక్క దగ్గరకు పోవాలి, దీంట్లో ఏ ఒక్క ముక్కా నాకు బొట్టు పెట్టలేదని అలగకూడదు అనుకున్నాను. మొలకలకు పెట్టొద్దన్న అక్క మాట గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. మిగతా ఏళ్ళు వేరు, ఈ ఏడు వేరు అనుకున్నాను. పసుపు, గంధం కలిపి మందంగా మెత్తి, పైన కుంకుమ పెట్టాను.

డ్రైవరన్న తిరిగి వచ్చి చూశాడు. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా. నేను అక్కడే చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాను. అతను ఒక క్షణం ఆగి, గుడ్డ భుజాన వేసుకుని, ఆ పూత చెరగకుండా పట్టీలు మెల్లగా దించి బిగించి, ఆ స్పానరు కూడా కడిగి పూజకు ఇచ్చాడు. మనది కాని దేవుడి బొట్టు మన చేత్తో ఎట్లా తుడిచేది పాపా అని చాలా ఏళ్ళకు నాతో అన్నాడు. తుడిచి ఉంటే నేనే గోల చేసి ఉండేదాన్నేమో, ఆ మాటా నిజమే.

పూజ అయింది. హారతి కళ్ళకద్దుకుని నాయన కోటు తొడుక్కున్నాడు. గడియారం తొమ్మిది కొట్టింది. "కారు తీయప్పా. కాట్పాడి దాకా పోయొస్తాం" అన్నాడు గోడ వైపు చూస్తూ. అమ్మ గబగబా చిత్రాన్నం పొట్లం కట్టింది. ఏడుపు ఆపుకోడానికి అమ్మకు తెలిసిన ఉపాయం పొట్లాలు కట్టడమే. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి ముగ్గురం ఎక్కి కూర్చున్నాం. డ్రైవరన్న బొత్తాం తొక్కాడు. టక్. మళ్ళీ తొక్కాడు. టక్. నిమ్మకాయలు నలగకుండా అట్లాగే ఉన్నాయి.

హారను నొక్కితే మోగింది. దీపం వేస్తే వెలిగింది. బొత్తాం తొక్కగానే మాత్రం ఆరిపోయింది. బ్యాటరీలో దమ్ముంది, మరి ఇంజను ఎందుకు తిరగదు? మోటారు పళ్ళు చక్రం పళ్ళలో ఇరుక్కున్నాయేమోనని డ్రైవరన్న బండిని పై గేరులో వేసి, దిగి, నాయనా తనూ కలిసి కారును ముందుకూ వెనక్కూ ఉయ్యాల ఊపినట్టు ఊపారు. ఇరుక్కున్న పళ్ళు అట్లా ఊపితే విడిపోతాయి. మళ్ళీ తొక్కితే అదే టక్. "హ్యాండిలు ఇప్పించండయ్యా. ఒక్క తిప్పు తిప్పితే లేస్తాది" అన్నాడు డ్రైవరన్న.

నాయన పూజగది వైపు చూశాడు. "పూజలో ఉండేది లేపకూడదు."

"కారుకూ పూజ చేసినాం గదా. దాన్ని లేపుతా ఉండారే" అంది అమ్మ. నాయన ముందు అమ్మ అంత మాట అనగా నేను వినడం అదే మొదలు.

"బండి యేరు, పనిముట్టు యేరు" అన్నాడు నాయన. ఆ తేడా ఏమిటో ఆయనకూ తెలియదని ఆయన గొంతే చెప్పింది.

ఇక తోయడం మిగిలింది. గేరులో పెట్టి తోసి క్లచ్చి వదిలితే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. షెడ్డు వీధికంటే పల్లంలో ఉండేది, పనివాళ్ళు పండగకని ఇళ్ళకు పోయారు. ఇరుగుపొరుగు మగవాళ్ళను పిలుచుకొచ్చి కారును వీధిలోకి ఎక్కించేసరికి పది అయింది. ముందురోజు కురిసిన వానకు వీధంతా బురద. ఎనిమిదిమంది తోశారు. క్లచ్చి వదలగానే వెనక చక్రాలు తిరగడం మానేసి బురదలో జారాయి. మూడుసార్లు తోశారు, మూడుసార్లూ జారాయి. నాయన కోటు నిండా బురద. నేను సీట్లో కూర్చుని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలుస్తున్నాను, దేవుళ్ళకు అడ్డం పడిందేమో నా గంధమే.

డ్రైవరన్న బ్యాటరీ వైపు చూడకపోవడానికి కారణం ఉంది. ఆ పొద్దునే తన చేత్తో తుడిచాడు, ఒక్క పూత గంధం అంత పని చేస్తుందనుకోలేదు. మనం తుడిచిన చోట తప్పుంటుందని ఎవరికీ తోచదు. చివరికి ఏమీ పాలుపోక ఆ పట్టీ మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కు తీసుకున్నాడు. అది కాలుతోంది. కరెంటుకు దారి ఇరుకైతే అక్కడ అట్లా వేడెక్కుతుందట. విప్పడానికి స్పానరు కావాలి, స్పానర్లు అమ్మవారి ముందున్నాయి. అతను నాయన్ను అడగలేదు. వీధి చివర సైకిలు షాపు సాయిబు దగ్గరకు పరుగెత్తి, పూజ లేని స్పానరు ఒకటి పట్టుకొచ్చాడు. పట్టీ ఎత్తితే లోపల నా పసుపూ గంధమూ ఎండి, మాడి, పెంకులా కరుచుకుని ఉంది. నాయన వంగి చూడబోతే డ్రైవరన్న తన వీపు అడ్డం పెట్టి, "చిలుమయ్యా. నేను సరిగ్గా తుడవలే" అన్నాడు. గీకిన గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. దాని చివర పసుపుపచ్చగా బయటికి వేలాడుతోంది. నాయన దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పోయి కారెక్కి కూర్చున్నాడు. బొత్తాం తొక్కగానే కారు లేచింది. గడియారం పావుతక్కువ పదకొండు.

ఆ రోజు మా కారు పరుగెత్తినట్టు అంతకుముందూ పరుగెత్తలేదు, ఆ తర్వాతా లేదు. లత్తేరి దాటినాక రైలు గేటు పడి ఉంది. డ్రైవరన్న ఇంజను ఆపకుండా నిలబెట్టాడు. మెయిలు మా ముందు నుంచే పోయింది. కాట్పాడిలో అక్క ఎక్కబోయే రైలు మా ముక్కు ముందు నుంచి పెట్టెలు లెక్కపెట్టుకునేంత దగ్గరగా పోతుంటే, నాయన కారులో లేచి నిలబడి దానికి చెయ్యి ఎత్తాడు. ఆపుతారనుకున్నాడో ఏమో. "కాట్పాడిలో చాలాసేపు నిలుస్తాది గదా" అంది అమ్మ.

మేము స్టేషనుకు చేరేసరికి ప్లాట్‌ఫారం మీద పొగ వాసన ఉంది, రైలు లేదు. అరటిపండ్లమ్మే ఆమె బుట్ట సర్దుకుంటోంది. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్ద నర్సమ్మ మాకు ఎదురొచ్చింది, అక్కను రైలెక్కించడానికి వచ్చిన మనిషి. మా మొహాల్లోనే పోలిక పట్టింది. "ఇప్పుడే పోయిండాదయ్యా. అయిదు నిమిషాలు కాలే" అంది. నాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె ఇంకో మాట చెప్పింది: "గార్డు ఈల వేసేదాకా రైలుపెట్టె వాకిట్లోనే నిలబడి చూసింది. మా నాయన బయల్దేరే ఉంటాడు, కారే స్టార్టు అయ్యిండదు, నేనుంటే రెండు నిమిషాల్లో లేపుందును అని చెప్పింది."

"నవ్వుతా చెప్పిందా?" అని అడిగాడు నాయన.

"నవ్వుతానే చెప్పిందయ్యా. తర్వాత ఏడ్చింది."

నాయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. అమ్మ చిత్రాన్నం పొట్లం ఎవరికివ్వాలో తెలియక నర్సమ్మ చేతిలో పెట్టింది. ఆమె కాదనకుండా తీసుకుంది.

రంగూన్ నుంచి నెలకొక జాబు వచ్చేది. జవాబులు నేను రాసేదాన్ని. నాయన దూరంగా కూర్చుని అంతా విని, చివరలో "కారు బాగుండాదని రాయి" అనేవాడు. ఆయన చెప్పే కబురంతా ఆ ఒక్క వాక్యమే. అక్క మొదటి జాబులోనే అడిగింది, ఆ రోజు కారుకు ఏమైంది అని. "తెలియలేదు" అని రాశాను. రెండోసారి అడిగినప్పుడు ఆ మాట దాటేశాను. వచ్చేసారి రాద్దాంలే అనుకున్నాను. రెండో వానాకాలంలో అక్కకు విషజ్వరం వచ్చింది. కబురు ఆసుపత్రి వాళ్ళే రాశారు. తర్వాత ఒక చిన్న పెట్టె వచ్చింది, అందులో రెండు తెల్లచీరలు, నేను రాసిన జాబులు ఉన్నాయి. నాయన ఆ తర్వాత కారెక్కలేదు. ఎవరో కొని ఎద్దులతో లాక్కుపోయారు. హ్యాండిలు మాత్రం నాయన ఇవ్వలేదు.

నా పెళ్ళయి, పిల్లలు పుట్టి, నాయన మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఆయనకు మజ్జిగ తాగిస్తూ చెప్పేశాను. ఆ పొద్దు మొలకలకు పసుపు మెత్తింది నేనే నాయనా, అక్క వద్దన్నా వినలేదు, నా వల్లే రైలు తప్పింది అన్నాను. ఇన్నేళ్ళూ దాచుకున్నది కదా, చెబుతుంటే వెక్కిళ్ళు వచ్చాయి. నాయన గ్లాసు పక్కన పెట్టించాడు.

"నాకు తెలుసమ్మా. రైలు నీ పసుపుతో పోలేదు" అన్నాడు. "హ్యాండిలు పది అడుగుల దూరంలో ఉండె. ఒక్క తిప్పు. అమ్మవారేమీ అనుకోదని నాకు తెలీదా. దాన్ని లేపితే, ముసిలోడు కూతురి కోసం పూజనే విడిచినాడు, ఎంత ఆత్రపడతా ఉండాడో చూడు అని వీధి వీధంతా అంటాదని… అందుకు లేపలే." ఆ తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లవాడిలా, "అది నవ్వుతానే చెప్పిందంట గదా" అని అడిగాడు. అవును నాయనా అన్నాను. ఆ వారంలోనే పోయాడు.

ఆ హ్యాండిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆయుధపూజకు దాన్ని కడుగుతాను గాని పూజలో పెట్టను, గుమ్మం పక్కన చేతికందేట్టు నిలబెడతాను. ఎందుకమ్మా అని కోడలు అడిగితే, తుప్పు పట్టకుండా అంటాను. పక్కింటాయన కారు ఈపాటికి బ్యాంకు చేరి ఉంటుంది. నా చిక్కుడుకాయలు ఇంకా సగం అట్లాగే ఉన్నాయి. పదకొండు దాటాక గాలి ఇటు వీస్తే దూరంగా రైలు కూత వినిపిస్తుంది. ఏభై ఏళ్ళు అయింది, అయినా ఆ కూత విన్న ప్రతిసారీ, ఇప్పుడు బయల్దేరితే అందుకుంటామనే అనిపిస్తుంది.